రికార్డులో శ్యామల గొంతు

న్యూ ఆర్లీన్స్ వెళ్ళొచ్చామని చెబితే అందరూ ముందు తిండి గురించే అడుగుతున్నారు. ఆ తరువాత, ఈ వయసులో వెయ్యి మైళ్ళు కారు నడిపారా అని ఆశ్చర్యపోతున్నారు. ఎందుకు వెళ్ళారని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగితే నిజం చెప్పేవాణ్ణో లేదో నాకే నమ్మకం లేదు. కాగితం మీదైతే ఎదురుగా మొహం కనబడదు కాబట్టి తిండి సంగతులతో పాటు అదీ రాసేస్తున్నాను.

హెర్న్‌డన్

ఆగస్టులో, ఇక్కడ వర్జీనియాలో, మా పక్క వీధి స్నేహితుల ఇంట్లో వరలక్ష్మీ వ్రతం భోజనాలకు వెళ్ళాం. వాళ్ళమ్మాయి కావ్య ఇక్కడే పుట్టి పెరిగింది. ఒక రేడియో స్టేషన్‌లో పాత సంగీతం టేపులు విని జాబితా రాసే ఉద్యోగం చేస్తోంది. డాక్టరూ కాలేదు, ఇంజనీరూ కాలేదు అని వాళ్ళ నాన్న నవ్వుతూనే బాధపడుతుంటాడు. నేను సోఫాలో కూర్చోగానే ఆ పిల్ల తన హెడ్‌ఫోన్స్ తెచ్చి నా తలకి తగిలించింది.

"అంకుల్, యు హావ్ టు హియర్ దిస్. నైంటీస్‌లో ఒక అమెరికన్ ట్రంపెట్ ప్లేయర్ యూరప్ టూర్ చేస్తున్నప్పుడు హాలండ్‌లో లైవ్ రికార్డ్ చేశారు. టేప్ ఆ హాల్ వాళ్ళ దగ్గర ఉండిపోయింది, ఇప్పుడు రిలీజ్ చేశారు. ఫోర్త్ ట్రాక్‌లో... వెయిట్, వెయిట్... ఇక్కడ! ఎవరో ఆంటీ వాయిస్ వస్తుంది చూడండి. సేమ్ మా అమ్మమ్మలాగా!"

ట్రంపెట్ పైనుంచి మెలికలు తిరుగుతూ దిగి ఒకచోట ఆగింది. ఆగిన చోట "ఆహా!" అని ఒక ఆడగొంతు. నిండుగా, జంకూ గొంకూ లేకుండా. వెంటనే "ష్!" అని ఒక మగగొంతు.

"అండ్ దెన్ సమ్ రూడ్ డ్యూడ్ షష్ చేస్తాడు" అని కావ్య పకపకా నవ్వింది.

ఆ ఆంటీ ఆ సమయంలో వాళ్ళ వంటింట్లో పులిహోర కలుపుతోంది. ఆ మగవాడు సోఫాలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాడు.

ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. మా టెలిఫోన్ల కంపెనీ నన్ను తొమ్మిది నెలల పని మీద హాలండ్‌లోని ఉట్రెక్ట్‌కు పంపింది. నా భార్య శ్యామల కూడా వచ్చింది. ఒక శనివారం సాయంత్రం, ఆఫీసులో ఎవరో తాము వెళ్ళలేక ఇచ్చిన టికెట్లతో ఈ కచేరీకి వెళ్ళాం. జాజ్ అంటే ఏమిటో మా ఇద్దరికీ తెలియదు. రెండు వందల మంది పట్టే హాలు, రెండో వరసలో మా కుర్చీలు. మొదట ఒకాయన వేదిక ఎక్కి డచ్చి భాషలో ఏదో చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరితో పాటు తల ఊపాను.

శ్యామల పుట్టిల్లు రాజమండ్రి. మా మామగారు తపాలా ఆఫీసులో గుమాస్తా. నవరాత్రి పందిళ్ళలో ఎక్కడ కచేరీ జరిగినా కూతుర్ని వెంటబెట్టుకుని ముందు చాప మీద కూర్చునేవారు. మన కచేరీల్లో వినేవాళ్ళకూ పని ఉంటుంది కదా. తొడ మీద తాళం వేస్తారు, మనసుకు పట్టినచోట ఆహా అంటారు, పాడేవాడు అటు తిరిగి ఇంకో రెండు సంగతులు ఎక్కువ వేస్తాడు. శ్యామల పాడదు. ఏ వాయిద్యమూ రాదు. వినడం వచ్చు. ఎక్కడ ఆహా అనాలో, ఎక్కడ ఊరుకోవాలో మామగారు ఆమెను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పారు.

ఆ సాయంత్రం నాలుగో పాటలో ఆ మాట ఆమెకు తెలియకుండానే వచ్చేసింది. హాలు మొత్తం పరీక్ష రాస్తున్నట్టు ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. ష్ అన్నాను, మోచేతి దగ్గర గిల్లాను కూడా. అప్పుడు తలెత్తి చూస్తే పైకప్పు నుంచి మైకులు వేలాడుతున్నాయి. రికార్డు చేస్తున్నాం, నిశ్శబ్దంగా ఉండండి అనే కాబోలు ఆ డచ్చాయన చెప్పింది. ఒక పెద్ద కళాకారుడి రికార్డు పాడుచేశాం. విరామంలో ఎవరో వచ్చి నిలదీస్తారు. ఆఫీసులో తెలుస్తుంది. పరువు గంగలో కలుస్తుంది. ఇలా ఒకదాని తరువాత ఒకటి ఊహించుకుని, విరామం ఇవ్వగానే ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. బస్సు వచ్చేదాకా పాశ్చాత్యుల సభా మర్యాదల మీద ఉపన్యాసం ఇచ్చాను. అందరూ మనల్నే చూస్తున్నారు తెలుసా అన్నాను. శ్యామల శాలువా కప్పుకుని వింది.

ఆ తరువాత ఈ దేశంలో ఎన్నో సభలకు వెళ్ళాం. మన విద్వాంసులే వచ్చి పాడారు. శ్యామల చేతులు ఒళ్ళో పెట్టుకుని పెదవి కదపకుండా కూర్చునేది. మా ఆవిడ పద్ధతి చూసి నేర్చుకోండయ్యా అని స్నేహితుల దగ్గర గొప్పలు పోయిన సందర్భాలు ఉన్నాయి, దాచుకోవడం ఎందుకు. నాలుగైదేళ్ళుగా మోకాళ్ళ నొప్పులని అసలు రావడమే మానేసింది. నిజంగా మోకాళ్ళే అనుకున్నాను.

హెడ్‌ఫోన్స్ తీసి, "కావ్యా, ఆ గొంతు మీ శ్యామలా ఆంటీది" అన్నాను.

"షట్ అప్! ఆంటీదా? ఓ మై గాడ్, అంకుల్!"

"గట్టిగా అనకమ్మా. నేనే చెప్తాను ఆవిడకి."

"మరి ఆ షష్ చేసింది ఎవరు?"

"ఎవరో" అన్నాను.

రెండు రోజుల్లో కావ్య ఆ ట్రంపెట్ ఆయన చిరునామా పట్టేసింది. పూర్తి పేరు రాయవద్దన్నారు కాబట్టి ఆల్విన్ గారు అంటాను. ఎనభై ఒక్క ఏళ్ళు. న్యూ ఆర్లీన్స్‌లో సొంత ఇంట్లో ఉంటూ పిల్లలకు పాఠాలు చెబుతున్నారు. రికార్డులో వినిపించే ఆ గొంతు నా భార్యదని ఈమెయిల్ రాశాను. రెండో గొంతు సంగతి రాయలేదు. గంటలో జవాబు వచ్చింది. "ఆమెను తీసుకురండి." అంతే.

అక్టోబరులో న్యూ ఆర్లీన్స్ చూసొద్దామా అని శ్యామలను అడిగాను. పెళ్ళిళ్ళకూ గుళ్ళకూ తప్ప ఊరు దాటని మొగుడు ఇలా అడిగితే ఎవరైనా ఎందుకని అడుగుతారు. ఆమె సరేనని మందుల డబ్బా సర్దుకుంది. దారిలో మూడు రోజులు ఉంటాయి, ఎక్కడో ఒకచోట మొత్తం చెప్పి తప్పు ఒప్పుకుందామనుకున్నాను. ఆమె మళ్ళీ ఆ గొంతుతో ఒక్కసారి ఆహా అంటే వినాలని, నేను బయలుదేరింది అందుకే.

మొదటి రోజు: బ్రిస్టల్

వర్జీనియా కొండల పక్కనే రోడ్డు రోజంతా దక్షిణానికి పోతుంది. ఆకులు అప్పుడే ఎర్రబడుతున్నాయి. రోనోక్ దాటాక ఒక విశ్రాంతి స్థలంలో ఆగాం. శ్యామల పులిహోర, పెరుగన్నం, వేయించిన మిరపకాయలు కట్టింది. కారులోనే తినేద్దాం, ఇంగువ వాసనకు చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారో అన్నాను. ఆమె వినిపించుకోకుండా చెక్కబల్ల మీద గుడ్డ పరిచింది.

పక్క బల్ల దగ్గర కుక్కపిల్లతో ఉన్న ముసలి దంపతులు పెన్సిల్వేనియా నుంచి మనవణ్ణి చూడటానికి పోతున్నారట. అదేమిటని ఆవిడ అడిగింది. శ్యామల కాగితం పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. ఆవిడ ప్లాస్టిక్ ఫోర్కుతో ఒక ముద్ద తిని, కళ్ళు మూసుకుని, "ఓ మై లార్డ్!" అని అరిచినంత పని చేసింది. ఆమె మొగుడు ఆవిడ పళ్ళెంలోంచే తీసుకు తిన్నాడు. వాళ్ళు వెళ్ళేటప్పుడు మాకు నాలుగు ఆపిల్ పళ్ళు ఇచ్చారు, మా కుక్కకు కూడా అని ఒక బిస్కెట్టు ఇవ్వబోయారు. మాకు కుక్క లేదని చెప్పాల్సి వచ్చింది.

సాయంత్రానికి బ్రిస్టల్ చేరాం. ఈ ఊళ్ళో ఒక తమాషా ఉంది. పెద్ద బజారు నడిమధ్య నుంచి రెండు రాష్ట్రాల సరిహద్దు పోతుంది, రోడ్డు మీద ఇత్తడి బిళ్ళలు పొదిగారు. ఒక కాలు వర్జీనియాలో, ఒక కాలు టెన్నెసీలో పెట్టి అందరూ ఫోటోలు దిగుతున్నారు. మేమూ దిగాం. చెప్పడానికి ఇది మంచి చోటు అనిపించింది. "శ్యామలా, నీకొక సంగతి చెప్పాలి" అన్నాను. "చెప్పండి" అంది. అటుపక్క అమ్మకం పన్ను ఎక్కువ, ఇటుపక్క ఆదాయపు పన్ను ఎక్కువ, అందుకని జనం ఎటు ఉంటే లాభమో వివరించాను. ఆమె శ్రద్ధగా విని, ఆకలేస్తోందంది.

మోటెల్ గది తొంభై నాలుగు డాలర్లు. ఉదయం అక్కడ వాఫుల్ పెనం మీద పిండి ఎక్కువ పోసి బల్లంతా కారేలా చేశాను. నేను తుడుస్తుంటే శ్యామల తనకు మాత్రం చక్కగా ఒకటి వేసుకుని తినేసింది.

రెండో రోజు: అలబామా

టెన్నెసీ అంతా వాన. అలబామాలోకి దిగాక వాన వెలిసింది. రోడ్డు పక్క చిన్న ట్రక్కులో ఒకావిడ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతోంది. అమెరికాలో ఇన్నేళ్ళున్నాం, ఇది ఎక్కడా చూడలేదు. పెద్ద గ్లాసు ఆరు డాలర్లు. పొట్టుతో సహా ఉప్పునీళ్ళలో ఉడికి, వేలితో నొక్కితే విడిపోతున్నాయి. మన బజారులో కాగితం పొట్లంలో ఇచ్చేవాటికీ వీటికీ ఏమీ తేడా లేదు. ఎంతసేపు ఉడకబెడతారని శ్యామల అడిగింది. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా అంది ఆవిడ. "కుక్కర్లో అయితే నాలుగు విజిల్స్" అని శ్యామల ఆవిడకు చెప్పింది. ఆవిడ ఏనాడూ కుక్కర్ వాడేలా కనిపించలేదు గానీ, మర్యాదగా చెయ్యి మీద రాసుకుంది.

ఆ శనక్కాయలు వలిచి నా చేతిలో పెడుతూ శ్యామల బర్మింగ్‌హామ్ దాకా చిన్నప్పటి కచేరీల గురించి మాట్లాడింది. పందిట్లో వాళ్ళ నాన్న శనక్కాయలు కొనేవారట గానీ పాట జరుగుతుండగా వలవనిచ్చేవారు కాదట, టపటపా చప్పుడవుతుందని. "అంటే మీ నాన్న కూడా చప్పుడు చెయ్యొద్దనేవారన్నమాట" అన్నాను. నాకు కొంచెం ఊరటగా ఉంది. "శనక్కాయలు వలవొద్దన్నారు. నోరు తెరవొద్దనలేదు" అంది. ఇక నేను రోడ్డు మీద దృష్టి పెట్టాను.

మూడో రోజు: బర్మింగ్‌హామ్‌లో ఆదివారం

మా మోటెల్ ఎదురుగా నల్లవాళ్ళ చర్చి ఉంది. ప్రార్థన తరువాత వేయించిన చేపల భోజనం, పన్నెండు డాలర్లు అని గేటుకు అట్ట కట్టారు. గోదావరి పిల్ల చేప అన్న మాట చదివాక ఆగదు. అది తినే బయలుదేరదామంది. అలబామాలో గడియారం గంట వెనక్కి ఉంటుంది. ఫోను దానంతటదే మార్చుకుంది గానీ నేను నమ్మింది నా చేతి గడియారాన్ని. భోజనాల వేళకు వెళ్ళామనుకున్నాం, తీరా చూస్తే ప్రార్థన సగంలో ఉంది. వెనక్కి తిరగబోతుంటే నీలం టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ, పేరు మిస్ లోరెట్టా, శ్యామల చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మూడో వరసలో కూర్చోబెట్టింది.

ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు. పాస్టర్ ఒక మాట అంటే సభ మొత్తం బదులిస్తోంది. "అవును!" "చెప్పండయ్యా!" "తొందరపడకండి, నిదానంగా చెప్పండి!" ఆయన నిజంగానే నిదానించి, అదే మాట ఇంకో రకంగా ఎత్తుకుంటున్నాడు. ఒక ముసలాయన లేచి నిలబడి చెయ్యి ఊపాడు. ఎవరూ ఎవర్నీ ఆపడంలేదు. పక్కకు చూస్తే శ్యామల వేళ్ళు తొడ మీద ఆడుతున్నాయి. చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు. ముప్ఫై ఏళ్ళ తరువాత చూస్తున్నాను. నేను చూస్తున్నానని తెలిస్తే ఆపేస్తుందేమోనని కిటికీ వైపు తిరిగాను.

మిస్ లోరెట్టా నా వైపు వంగి, "అలా బిగుసుకుపోయారేం నాయనా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.

భోజనం చర్చి వెనుక హాల్లో. చేపకు మొక్కజొన్న పిండి అద్ది నిండు నూనెలో వేయించారు. మన వాలుగ చేపకు దగ్గర చుట్టం. కారం లేదు గానీ, బల్ల మీద ఎర్ర సాసు సీసా ఉంది, దానితో సరిపెట్టుకున్నాం. పక్కన క్యాబేజీ కోరు, రెండు తెల్ల రొట్టె ముక్కలు. శ్యామల ముల్లు తీస్తూ, తల ఎత్తకుండా, మామూలుగా అడిగింది.

"ఏవండీ, రేపు ఆల్విన్ గారింట్లో కూడా ఇలాగే బిగుసుకుని కూర్చుంటారా?"

చేతిలో రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశాను.

"నీకెవరు చెప్పారు?"

"కావ్య. రికార్డు సంగతి వ్రతం రోజునే, ఈ ప్రయాణం సంగతి తరవాత చెప్పింది. ఆ పిల్ల కడుపులో మాట దాగుతుందా?"

"విన్నావా మరి?"

"వినిపించింది. మొదట నా గొంతు నేనే పోల్చుకోలేదండీ, ఎవరో చిన్నపిల్ల అనుకున్నాను. తరవాత మీ ష్ వచ్చింది. అది పోల్చుకున్నాను. చాల్లేవే అని ఆపించేశాను."

"శ్యామలా, ఆ రోజు నేను..."

"చేప చల్లారిపోతోంది, తినండి" అంది.

తిన్నాను. రుచి మాత్రం ఎవరైనా అడిగితే చెప్పలేను.

మిసిసిపీ

మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా దేవదారు చెట్లు, చెట్ల మధ్య రోడ్డు, రోడ్డు మీద కర్ర లారీలు. మెరిడియన్ దాటాక నేనే అడిగాను.

"తెలిసి కూడా రానని ఎందుకనలేదు?"

"ఆయన్ని చూడాలనిపించింది. ఆ రోజు చివరిదాకా విననే లేదు కదా మనం. విరామం తరవాత ఏం వాయించాడోనని అప్పుడప్పుడు అనుకునేదాన్ని."

"అప్పుడప్పుడంటే?"

"గిన్నెలు తోముకునేటప్పుడు, ఎప్పుడైనా."

నేను ఆమె ఆహాను నొక్కేశానని రెండు నెలలుగా కుమిలిపోతున్నాను. ఆమె నుంచి సగం కచేరీ కూడా లాక్కున్నానని నాకు తట్టనే లేదు. ఆ రికార్డు నేను మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు విన్నాను. చివరి పాటలో ట్రంపెట్ ఒక మాట పలికి, ఆగి, కాసేపు ఏమీ లేకుండా ఉండి, మళ్ళీ పలుకుతుంది. అలా ఏడెనిమిదిసార్లు. ఆ నిశ్శబ్దాన్ని మెచ్చుకుంటూ రికార్డుతో పాటు ఎవరో రెండు పేజీలు రాశారు. "ఇప్పుడు పెట్టనా, వింటావా?" అని అడిగాను. "ఆయన దగ్గరే వింటాను" అంది.

న్యూ ఆర్లీన్స్

ఊళ్ళోకి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. ఇక్కడి తిండి గురించి అడిగినవాళ్ళకు ఇదిగో. బెన్యే అని నలుచదరంగా ఉంటుంది, మన బొబ్బట్టు పిండి నూనెలో పొంగితే ఎలా ఉంటుందో అలా. మూడు తెచ్చి, పైన పంచదార పొడి గుట్టగా పోస్తారు. తినేటప్పుడు ఊపిరి వదలకూడదని ఎవరూ చెప్పలేదు. నేను వదిలాను. నా నల్ల స్వెటరు, పక్క కుర్చీలోని ఆయన ప్యాంటు తెల్లబడ్డాయి. నేను పదిసార్లు క్షమాపణ చెప్పాను. ఆయన దులుపుకుని, మీరు ఊరికి కొత్తా అని నవ్వాడు.

కాఫీ ఒక గుక్క తాగి శ్యామల కప్పు వైపు అనుమానంగా చూసింది. చికోరీ! ఈ ఊళ్ళో కాఫీలో చికోరీ కలపడం పాత ఆచారమట. మనమూ కలుపుతాం గానీ, ఎవరైనా అడిగితే స్వచ్ఛమైన కాఫీ గింజలే అంటాం. వీళ్ళు డబ్బా మీదే పెద్దక్షరాలతో రాసుకున్నారు. రెండు డబ్బాలు కొన్నాం.

బయట నడిరోడ్డు మీద కుర్రాళ్ళు బాకాలు ఊదుతుంటే దారినపోయేవాళ్ళు ఆగి అడుగులేస్తున్నారు. శ్యామల ఆగింది. నేను ఆమె చేతిసంచీ గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి "పోదామా?" అని అలవాటుగా నా నోటి నుంచి వచ్చేసింది. "పోదాం పదండి" అని ఆమె వెంటనే బయలుదేరింది. ఆ మాట అనకపోయినా పోయేదేమీ లేదని హోటల్ గదిలో తట్టింది.

ఆల్విన్ గారిల్లు

మరునాడు పది గంటలకు వెళ్ళాం. ఇక్కడి పాత ఇళ్ళు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. వరండా, వరండాలోంచి నేరుగా ముందు గది, దాని వెనుక ఇంకో గది, రైలు పెట్టెల్లా ఒకదాని వెనుక ఒకటి. ఆల్విన్ గారు సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో తలుపు తీశారు. ఆయన ఇంగ్లీషులో అన్నవి తెలుగులో రాస్తున్నాను.

నాకు చెయ్యి ఇచ్చి, శ్యామల ముందు మాత్రం రెండు చేతులూ జోడించారు. ఎవర్నో అడిగి నేర్చుకున్నారట. "అమ్మా, చాలా ఆలస్యంగా వచ్చారు" అన్నారు.

కాఫీ ఆయనే పెట్టి ఇచ్చారు. ఉట్రెక్ట్ సంగతి ఆయనకు నిన్నటిలా గుర్తుంది. ఆ పర్యటనలో అది పదకొండో ఊరట. ఎక్కడ చూసినా జనం బాగా వస్తున్నారు, చివర్లో లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. వాయిస్తున్నంతసేపు మాత్రం ఒక్కరు కదలరు. "నేను చర్చిలో పెరిగినవాణ్ణి. మా అమ్మ ముందు వరసలో కూర్చుని ప్రతి మాటకూ బదులు చెప్పేది. బదులు లేకుండా వాయించడం నాకు రాదు. బావుందో లేదో ఎలా తెలుస్తుంది? ఆ వారం ఇంటికి వెళ్ళిపోదామనుకున్నాను. అప్పుడు మీరు పలికారు. అది ఏ భాషో నాకు తెలియదు. కానీ నేను ఎక్కడ ఆగానో సరిగ్గా అక్కడ పలికారు. ఈవిడకు తెలుసు అనుకున్నాను."

శ్యామల కప్పు కింద పెట్టి వింటోంది.

"విరామంలో మిమ్మల్ని వెతుక్కుంటూ కిందికి దిగాను. రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కాఫీకి వెళ్ళారనుకున్నాను. చివరి పాటలో మీకోసం నాలుగేసి తాళం దెబ్బల చోటు వదిలాను. వస్తారేమో, పలుకుతారేమోనని వదులుతూనే పోయాను. ఇప్పుడు దాన్ని గొప్ప నిశ్శబ్దం అని రాస్తున్నారు. నిశ్శబ్దమేమిటి నా తలకాయ! అది మీ వంతు."

ఆ మూడుసార్లూ నేను విన్న ఖాళీ అదన్నమాట. మేం ఆ సమయంలో బస్సు స్టాపులో ఉన్నాం. నేను మర్యాదల గురించి చెబుతున్నాను.

"ఒక్కటే నాకు అర్థంకాలేదు" అన్నారు ఆల్విన్ గారు. "మిమ్మల్ని ష్ అన్నవాడెవడు? హాలు మనిషా?"

శ్యామల గోడ మీది ఫోటోల వైపు చూసింది. నన్ను కాపాడే ఉద్దేశం ఆమెకు లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు.

"నేనే" అన్నాను. "అది నేనేనండీ. లాక్కెళ్ళింది కూడా నేనే."

ఆయన నన్ను కొంచెంసేపు చూశారు. కోప్పడితే బావుండేది. "ఓహో" అని, నా కప్పులో ఇంకొంచెం కాఫీ పోశారు.

తరువాత ట్రంపెట్ తీశారు. ఈ మధ్య పెదవి సహకరించడంలేదు, పది నిమిషాలకు మించి వాయించలేను అని ముందే చెప్పారు. చివర చప్పుడు తగ్గించే ఒక లోహపు గిన్నె బిగించి, మెల్లగా మొదలుపెట్టారు. అదే నాలుగో పాట. వణుకుతోంది, అక్కడక్కడ గాలి మాత్రమే వస్తోంది, అయినా అదే. పైనుంచి మెలికలు తిరుగుతూ దిగి ఆగింది. ఆగి, నాలుగు దెబ్బలు ఖాళీ వదిలి, శ్యామల వైపు చూశారు.

శ్యామల నా వైపు చూసింది.

కోపంగా కాదు. అడుగుతున్నట్టు చూసింది. నాలుగు దెబ్బలూ అయిపోయాయి. ఆయన మళ్ళీ అదే ఎత్తుకుని, మళ్ళీ ఆగారు. మళ్ళీ నా వైపే చూసింది. నేను పక్కనుండగా ఆమె నోరు తెరిచేముందు ఇలా ఎన్నిసార్లు నా మొహం చూసి ఉంటుందో, ఒక్కసారి కూడా నేను గమనించలేదు.

"అను శ్యామలా" అన్నాను.

ఆమె తల వంచుకుంది. నా మాట నా చెవికే హుకుంలా వినపడింది. ఊరుకో అన్నదీ నేనే, అను అంటున్నదీ నేనే. ఆల్విన్ గారు మూడోసారి ఎత్తుకున్నారు. ఆయన దగ్గర ఇంకెంత ఊపిరి ఉందో తెలియదు.

లేచాను. "కళ్ళజోడు కారులో మర్చిపోయాను" అన్నాను. కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది. ఇద్దరూ చూశారు. వరండాలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. ఎదురింటాయన నీళ్ళ గొట్టంతో మొక్కలు తడుపుతున్నాడు, నాకు చెయ్యి ఊపాడు.

లోపల ట్రంపెట్ మెలికలు తిరుగుతూ దిగింది. ఆగింది. నేను గోడకు ఆనుకుని లెక్కపెట్టాను. ఒకటి. రెండు.

"ఆహా!"

గొంతు కొంచెం బొంగురుపోయింది, అంతే. ఆ వెంటనే ఆల్విన్ గారు పెద్దగా నవ్వడం వినపడింది, ఆమె ఏదో అంది, ఇద్దరూ నవ్వారు. ట్రంపెట్ మళ్ళీ మొదలైంది. ఈసారి ఆమె ఆగకుండా రెండుసార్లు అంది. నాకు లోపలికి వెళ్ళాలని, ఆమె మొహం ఎలా ఉందో చూడాలని ఎంతగా అనిపించిందో చెప్పలేను. చెయ్యి గడియ దాకా వెళ్ళింది.

వెనక్కి తీసుకుని, మెట్ల మీద కూర్చున్నాను. పాట చాలాసేపు నడిచింది.